స్టార్ ప్లేయర్ తప్పు చేస్తే సెమీఫైనల్ ఆడించాలా?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి బెంగళూరు నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటిది ఒకటే గొడవ. కాలేజీ ఫుట్‌బాల్ టీముల్లో ఆడే కుర్రాళ్లు గ్రౌండ్ బయట తప్పు చేస్తే టీమ్ ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఎంతవరకు చేయాలి అని. అందుకే మోకాలి నొప్పులు, డైట్ ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేసి వీటికే జవాబులు రాస్తున్నాను. ఉత్తరాలు రాసినవాళ్ల పేర్లు, కాలేజీల పేర్లు నేనే తీసేశాను.

ప్రశ్న: మేడమ్, నేను బెంగళూరులో ఒక డిగ్రీ కాలేజీ టీమ్‌కి వైస్ కెప్టెన్‌ని. మాది చిత్తూరు జిల్లా. మా సెంటర్ ఫార్వర్డ్ అనంతపురం వాడు, స్పోర్ట్స్ కోటాలో వచ్చాడు, ఈ సీజన్‌లో మా గోల్స్‌లో సగం వాడివే. పోయిన శనివారం ఎవరిదో బర్త్‌డే పార్టీలో తాగి రాత్రి ఒంటిగంటకు హాస్టల్‌కి వచ్చాడు. గేటు తీయడం లేటయిందని వాచ్‌మన్‌ని చెంప మీద కొట్టి తోసేశాడు. ఆయనకి అరవై దాటి ఉంటాయి. కళ్లజోడు విరిగింది. మర్నాడు అదే కళ్లజోడుకి ఒకవైపు దారం కట్టుకుని డ్యూటీకి వచ్చాడు. కోచ్ సార్ వాడితో గ్రౌండ్ చుట్టూ రౌండ్లు కొట్టించి, ఇంక ఎవరూ మాట్లాడొద్దు, సెమీస్ అయ్యాక చూద్దాం అన్నారు. వచ్చే బుధవారమే ఇంటర్ కాలేజియేట్ సెమీఫైనల్. ఆ మ్యాచ్ చూసే సెలెక్టర్లు సౌత్ జోన్ యూనివర్సిటీల టోర్నమెంట్‌కి వెళ్లే మా యూనివర్సిటీ టీమ్‌ని ఎంచుతారు. టీమ్‌లో సగం మంది వాణ్ని తీసేయమంటున్నారు, సగం మంది వాడు లేకపోతే ఓడిపోతాం అంటున్నారు. పోయినేడు మణిపూర్ నుంచి వచ్చిన డిఫెండర్ ఒకడి రూములో సీసా దొరికిందని వారంలోపే ఇంటికి పంపేశారు. అప్పుడెవరూ మ్యాచ్ అయ్యాక చూద్దాం అనలేదు. నేనేం చేయాలి?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో కోచ్ ఏమన్నారో ఉంది, టీమ్ ఏమంటోందో ఉంది, సెలెక్టర్లు ఎప్పుడొస్తారో కూడా ఉంది. దెబ్బ తిన్న మనిషి ఏమంటున్నాడో మాత్రం ఒక్క ముక్క లేదు. నిన్ను తప్పు పట్టి అనడం లేదు, ఇలాంటి ఉత్తరాలు ఎన్ని వచ్చినా ఇదే కనిపిస్తుంది. ముందు వార్డెన్ గానీ ప్రిన్సిపాల్ గానీ ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లి కూర్చోవాలి. దెబ్బ ఎక్కడ తగిలింది, డాక్టర్‌కి చూపించుకున్నారా, పోలీస్ కంప్లైంట్ ఇవ్వాలనుకుంటున్నారా అని అడగాలి. కొత్త కళ్లజోడు, వైద్యం ఖర్చు ఆ రోజే కాలేజీ పెట్టుకోవాలి, తర్వాత కుర్రాడి దగ్గర వసూలు చేసుకోవచ్చు. హాస్టల్ వాచ్‌మన్‌లలో చాలామంది ఏజెన్సీ మనుషులు, నోరు తెరిస్తే రేపు ఇంకో సైట్‌కి మారుస్తారనో, అసలు ఉద్యోగమే ఊడుతుందనో భయం ఉంటుంది. ఈ గొడవ వల్ల ఆయన్ని తీసేయకూడదని కాలేజీ ఏజెన్సీకి లెటర్ ఇస్తేనే ఆయన మనసులో మాట బయటికి వస్తుంది. ఐదు వేలు చేతిలో పెట్టి, కంప్లైంట్ ఇవ్వనని సంతకం పెట్టించుకోవడం మాత్రం చేయొద్దు. అది నష్టపరిహారం అవ్వదు, నోరు మూయించడం అవుతుంది. కంప్లైంట్ ఇవ్వాలా వద్దా అన్నది పూర్తిగా ఆయన ఇష్టం. ఆయన ఇచ్చినా ఇవ్వకపోయినా టీమ్ వేసే శిక్ష టీమ్ వేయాల్సిందే.

ఇక రౌండ్ల సంగతి. రోజూ పొద్దున ప్రాక్టీస్‌లో పరిగెత్తే కుర్రాడికి ఇంకాస్త పరిగెత్తమనడం శిక్ష ఎలా అవుతుంది? వాడికి స్టామినా పెరుగుతుంది, కోచ్‌కి మనశ్శాంతి దొరుకుతుంది, వాచ్‌మన్‌కి ఏమీ రాదు. ఇంత కంటితుడుపు చర్య కంటే ఏమీ చేయకపోవడమే నయం, ఎందుకంటే ఏమీ చేయకపోతే కనీసం విషయం ఇంకా తేలలేదని అందరికీ తెలిసి ఉంటుంది.

సెమీఫైనల్ ఆడించకూడదు. నా జవాబులో దీని మీద రెండో మాట లేదు. సెమీస్ అయ్యాక చూద్దాం అంటే అర్థమేమిటో మీ టీమ్‌లో అందరికీ తెలుసు, ఆ కుర్రాడికి మరీ బాగా తెలుసు. సీజన్ అయిపోయాక రెండు ఫ్రెండ్లీ మ్యాచ్‌లకి సస్పెండ్ చేస్తారు, కాగితం మీద శిక్ష పడినట్టే ఉంటుంది. సస్పెన్షన్ అంటే తప్పు బయటపడిన తర్వాత వచ్చే మొదటి మ్యాచ్ నుంచి లెక్క మొదలవ్వాలి, అది ఏ మ్యాచ్ అయినా సరే. క్యాలెండర్ చూసి శిక్ష వేసే టీమ్‌లో రూల్స్ రిజర్వ్ ప్లేయర్లకే ఉంటాయి. మణిపూర్ కుర్రాడి విషయంలో జరిగింది అదే. సీసా దొరికినందుకు ఇంటికి పంపి, మనిషిని కొట్టినందుకు రౌండ్లు కొట్టించారంటే మీ కాలేజీ తప్పుని తూచలేదు, గోల్స్ లెక్కపెట్టింది. ఈ మాట కటువుగా ఉన్నా నేను వెనక్కి తీసుకోను. ఆ కుర్రాడు ఇంకా చదువుకునే వయసులోనే ఉన్నాడు కాబట్టి అతని ఫైలు మళ్లీ తెరవమని కూడా మీరు అడగాలి.

అయితే తీసేయాలి అంటున్న ఆ సగం మందితో కూడా నేను ఏకీభవించను. అనంతపురంలో ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల మైదానాల్లోనో, ఊరి బయట మట్టి గ్రౌండ్‌లోనో ఆడి ఎదిగి, స్పోర్ట్స్ కోటా మీద బెంగళూరు దాకా వచ్చిన కుర్రాణ్ని టీమ్ నుంచి తీసేస్తే ఫీజు మాఫీ పోతుంది, హాస్టల్ పోతుంది, దాంతో డిగ్రీ పోతుంది. చెంపదెబ్బకి డిగ్రీ పోగొట్టడం ఎక్కువ శిక్ష. మ్యాచ్‌లు ఆపండి, చదువు ఆపకండి. ప్రాక్టీస్‌కి రానివ్వండి. మ్యాచ్ రోజు జెర్సీ ఇవ్వొద్దు, బెంచ్ మీద కూర్చోబెట్టొద్దు. ఈ ఏడాది యూనివర్సిటీ సెలెక్షన్ పోతే పోతుంది, ఫైనలియర్ అయితే చాలా బాధగానే ఉంటుంది, అది ఆ రాత్రి గేటు దగ్గర చెయ్యెత్తినప్పుడే పోయిందని వాడికి ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి. తాగడం ఆ ఒక్క రాత్రితో అయిపోయే సంగతా, లేక అలవాటుగా మారిందా అన్నది తోటి ప్లేయర్లకే ముందు తెలుస్తుంది. అలవాటే అయితే నిమ్హాన్స్ ఆస్పత్రిలో ఇలాంటి అలవాట్లు మాన్పించే అడిక్షన్ మెడిసిన్ సెంటర్ ఉంది, మీ ఊళ్లోనే ఉంది, తీసుకెళ్లండి. ఇంకోటి, వాచ్‌మన్ ఆ గేటు దగ్గరే ఉంటాడు కదా, ఆయన్ని మార్చొద్దు, కుర్రాణ్నే వేరే బ్లాక్‌కి మార్చండి.

ఇదంతా తేల్చాల్సింది మీ కోచ్ కాదు. ఆయన చెడ్డవాడని నేను అనడం లేదు. బుధవారం గెలిస్తే పేరొచ్చేది ఆయనకే, ఓడితే కాంట్రాక్ట్ రెన్యువల్ ఇబ్బందయ్యేదీ ఆయనకే, అలాంటి మనిషి చేతిలో తీర్పు పెట్టడం ఆయనకి కూడా అన్యాయం. ప్రాక్టీస్‌కి లేటుగా రావడం, మ్యాచ్ ముందురోజు రాత్రి బయట తిరగడం, టూర్‌లో రూల్ దాటడం ఇవన్నీ కోచ్ చూసుకుంటాడు. బయట మనిషికి దెబ్బ తగిలిందంటే కాలేజీ డిసిప్లిన్ కమిటీకి వెళ్లాలి, ఆ కమిటీలో టీమ్‌తో సంబంధం లేని లెక్చరర్లు ఉండాలి, కుర్రాడి మాట వినాలి, వాచ్‌మన్ మాట వినాలి, మూడు నాలుగు రోజుల్లో కాగితం మీద రాసి ఇవ్వాలి.

నువ్వు చేయాల్సింది చెప్తాను. ముందు కోచ్‌తో ఒంటరిగా మాట్లాడు, టీమ్ ముందు కాదు. ఆయన వినకపోతే కెప్టెన్‌తో కలిసి, వీలైతే ఇంకో నలుగురి సంతకాలతో ప్రిన్సిపాల్‌కి లెటర్ ఇవ్వు, కాపీ మీద రిసీవ్డ్ అని వేయించుకో. ఒక్కడి సంతకమే ఉంటే రేపు నిన్నే పక్కన పెట్టే ప్రమాదం ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకు. అక్కడ పెడితే రెండు రోజులు గోల జరుగుతుంది, మూడో రోజుకి వాచ్‌మన్‌ని ఎవరూ తలుచుకోరు.

ప్రశ్న: నేను చెన్నైలో కాలేజీ కోచ్‌ని, మాది నెల్లూరు. అమెరికాలో కాలేజీ ఆటగాళ్ల మీద ఇలాంటి వార్తలు ఎప్పుడూ వస్తుంటాయి. వాళ్లకి పెద్ద పెద్ద వ్యవస్థలు ఉన్నాయి కదా, వాళ్లు ఎలా చేస్తారు? వాళ్ల నుంచి మనం ఏం తీసుకోవచ్చు?

జవాబు: అక్కడ ఆడేది హెల్మెట్ పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్, డబ్బు, జనం, టీవీ మన కాలేజీ ఆటతో పోల్చలేనంత పెద్దవి. కానీ కోచ్‌కి వచ్చే టెన్షన్ మాత్రం మీదే, మీ మాటలే అక్కడా వినిపిస్తాయి. అక్కడ సరిగ్గా జరిగినవాటి కంటే తప్పుగా జరిగినవి చూస్తే మనకి ఎక్కువ ఉపయోగం.

2014 సెప్టెంబర్‌లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ (టీమ్ ఆటని నడిపించే ముఖ్య ఆటగాడు) జేమిస్ విన్‌స్టన్ క్యాంపస్‌లో అందరూ తిరిగే చోట ఆడవాళ్లని కించపరిచే బూతుమాట గట్టిగా అరిచాడు. ముందు ఏడాదే దేశంలో బెస్ట్ కాలేజీ ప్లేయర్‌కిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచిన కుర్రాడు. యూనివర్సిటీ మొదట ఏం చేసిందంటే, క్లెమ్సన్ యూనివర్సిటీతో మ్యాచ్‌లో మొదటి సగం ఆడొద్దంది. సగం మ్యాచ్! అదేం శిక్ష అని విమర్శలు వచ్చాక మొత్తం మ్యాచ్‌కి పెంచారు. ఆ రోజు అతను ప్యాడ్స్ కట్టుకుని పూర్తి డ్రెస్‌లో వార్మప్‌కి వచ్చేస్తే, వెళ్లి బట్టలు మార్చుకోమని కోచ్ వెనక్కి పంపాల్సి వచ్చింది. శిక్ష ఏమిటో కుర్రాడికి కూడా అర్థమయ్యేలా చెప్పలేదన్నమాట. అతను లేకుండానే టీమ్ ఓవర్‌టైమ్‌లో 23-17తో గెలిచింది.

క్యాలెండర్ చూసి శిక్ష వేయడం అంటే ఏమిటో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ కథ చూపించింది. 2010 డిసెంబర్‌లో ఐదుగురు ఆటగాళ్లు తమ మెడల్స్, జెర్సీల్లాంటివి అమ్ముకున్నారని, వాటికి బదులు టాటూలు వేయించుకున్నారని తేలింది. దేశవ్యాప్తంగా కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ వాళ్లకి ఐదు మ్యాచ్‌ల నిషేధం వేసింది, అదీ తర్వాతి సీజన్ నుంచి. వారం రెండు వారాల్లో ఉన్న షుగర్ బౌల్ అనే పెద్ద మ్యాచ్ మాత్రం ఆడనిచ్చింది. టీమ్ గెలిచింది. తర్వాత కోచ్ జిమ్ ట్రెస్సెల్‌కి ఈ విషయం నెలల ముందే తెలుసని బయటపడి 2011 మేలో ఆయన రాజీనామా చేశాడు, ఆ గెలుపుని కూడా రికార్డుల నుంచి తీసేశారు. ఏ మ్యాచ్ కోసం ఇదంతా చేశారో ఆ మ్యాచే మిగల్లేదు.

మీరు కోచ్ కాబట్టి బేలర్ యూనివర్సిటీ కథ మీకు అన్నిటికంటే ముఖ్యం. ఆటగాళ్ల మీద లైంగిక దాడి ఆరోపణలు వస్తే ఫుట్‌బాల్ సిబ్బంది వాటిని యూనివర్సిటీకి చెప్పకుండా తమ లోపలే తేల్చుకునే పద్ధతి పెట్టుకున్నారు. కొన్నిసార్లు కోచ్‌లు గానీ సిబ్బంది గానీ ఫిర్యాదు చేసిన అమ్మాయినో, ఆమె తల్లిదండ్రుల్నో నేరుగా కలిసి, ఆ విషయం పైకి పంపలేదని యూనివర్సిటీ పెట్టుకున్న లా ఫర్మ్ విచారణలోనే తేలింది. 2016లో హెడ్ కోచ్ ఆర్ట్ బ్రైల్స్‌ని తీసేశారు, యూనివర్సిటీ అధ్యక్షుడి పదవీ పోయింది. ఆ కోచ్‌లు మనసులో మా పిల్లల్ని మేమే దారిలో పెట్టుకుంటాం అనుకుని ఉండొచ్చు. ఆ అమ్మాయిలు వాళ్ల పిల్లలు కారు కదా. నేరం అనిపించే విషయం మీ చెవిన పడితే మీరు అడగాల్సిన ప్రశ్నలు లేవు, పిలిపించాల్సిన సాక్షులు లేరు, ఆ రోజే పైకి రాసి ఇవ్వడమే మీ పని.

నాలుగోది చెప్పకుండా ఉండలేను, అది నాకే తేల్చుకోవడం కష్టంగా ఉంటుంది కాబట్టి. 1995లో నెబ్రాస్కా యూనివర్సిటీలో లారెన్స్ ఫిలిప్స్ అనే ఆటగాడు తన మాజీ గర్ల్‌ఫ్రెండ్‌ని దారుణంగా కొట్టాడు. ఆ అమ్మాయి అదే యూనివర్సిటీలో బాస్కెట్‌బాల్ ఆడేది. కోచ్ టామ్ ఆస్‌బోర్న్ అతన్ని ఆరు మ్యాచ్‌లు పక్కన పెట్టి మళ్లీ తీసుకున్నాడు. ఆట తీసేస్తే ఆ కుర్రాడి జీవితంలో పట్టుకునేది ఏదీ ఉండదు అన్నది ఆయన వాదన. దిక్కులేని బాల్యం నుంచి వచ్చినవాడు, ఆ వాదనలో నిజం లేకపోలేదు. టీమ్ నేషనల్ చాంపియన్ అయింది. ఫిలిప్స్ ఆ తర్వాత కూడా హింస మానలేదు, చాలా ఏళ్ల జైలుశిక్ష పడింది, 2016లో జైల్లోనే చనిపోయాడు. కుర్రాడికి ఆధారం కావాలంటే చదువు ఇవ్వొచ్చు, కౌన్సెలింగ్ ఇవ్వొచ్చు, ప్రాక్టీస్ కూడా ఇవ్వొచ్చు, వేలమంది చప్పట్లు కొట్టే ఫైనల్ ఎందుకివ్వాలి? తనని కొట్టినవాడికి ఊరంతా చప్పట్లు కొడుతుంటే అదే క్యాంపస్‌లో ఆ అమ్మాయి ఎలా తిరగాలి?

మన దగ్గర కూడా ఒక ఉదాహరణ ఉంది, క్రికెట్‌లో. 2019 జనవరిలో టీవీ షోలో ఆడవాళ్ల గురించి అన్న మాటలకి హార్దిక్ పాండ్యాని, కేఎల్ రాహుల్‌ని బీసీసీఐ సస్పెండ్ చేసి ఆస్ట్రేలియా టూర్ మధ్యలోంచి వెనక్కి పిలిపించింది. చివరికి సుప్రీంకోర్టు మాజీ జడ్జి, బీసీసీఐ అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు తేల్చే బయటి మనిషి) డీకే జైన్ ఇద్దరికీ తలా 20 లక్షల జరిమానా వేశారు. టీమ్‌తో సంబంధం లేని మనిషి తీర్పు చెప్పడం నాకు నచ్చింది. ఆ డబ్బు చనిపోయిన పారామిలటరీ కానిస్టేబుళ్ల భార్యలకి, అంధుల క్రికెట్‌కి వెళ్లింది, మంచి పనే, కానీ అన్న మాటకీ దానికీ సంబంధం లేదు. తప్పు ఎవరి పట్ల జరిగిందో వాళ్ల వైపు తిరిగి ఉండాలి శిక్ష.

ప్రశ్న: మేడమ్, మేము కేఆర్ పురంలో ఉంటాం. మా అబ్బాయి కాలేజీ టీమ్‌లో గోల్‌కీపర్. వాళ్ల టీమ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక క్లాస్‌మేట్ అమ్మాయి బట్టలు మార్చుకుంటుండగా తీసిన వీడియో పెట్టారు. మావాడు తీయలేదు, ఇద్దరు ఫ్రెండ్స్‌కి ఫార్వర్డ్ చేశాడంతే. కోచ్‌కి తెలిసి గ్రూపులో ఉన్నవాళ్లందర్నీ ఎండలో గోడకుర్చీ వేయించి, వాంతులయ్యేదాకా పరిగెత్తించి, ఫోన్లలో వీడియో డిలీట్ చేయించి వదిలేశాడు. ఇప్పుడు అమ్మాయి వాళ్లు పోలీసుల దగ్గరికి వెళ్తామంటున్నారు. కోచ్ మీద కంప్లైంట్ ఇవ్వాలని మావారు, అమ్మాయి ఇంటికెళ్లి బతిమాలదామని నేను. ఏది మంచిది?

జవాబు: అమ్మా, మీ భయం నాకు తెలుస్తోంది. అయినా 'ఫార్వర్డ్ చేశాడంతే' అన్న మాట దగ్గరే ఆగుదాం. అలాంటి వీడియో తీయడం ఎంత నేరమో పంపడం కూడా అంతే నేరం. ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి, మిగతా సెక్షన్లు వేరే. మీవాడి దగ్గర్నుంచి వెళ్లిన ఆ ఇద్దరూ ఇంకెంతమందికి పంపారో ఆ అమ్మాయికి ఎప్పటికీ తెలియదు. రోజూ క్లాసులో కూర్చుని, ఈ వరుసలో ఎవరు చూసి ఉంటారు అనుకుంటూ ఉంటుంది.

అమ్మాయి ఇంటికి వెళ్లొద్దు. మీరు ఏడుస్తూ వెళ్తే వాళ్ల మీద ఒత్తిడి పెట్టినట్టే, రేపు అదే ఇంకో కేసు అవుతుంది. మంచి లాయర్ని కలవండి. మీ అబ్బాయి ఎవరు పంపారు, తను ఎవరికి పంపాడు అన్నది ఉన్నదున్నట్టు చెప్పాలి. ఫోన్‌లో ఇంకేమీ చెరపకూడదు. కాలేజీలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే ఇంటర్నల్ కంప్లైంట్స్ కమిటీ ఉండాలి, యూజీసీ 2015 నిబంధనల ప్రకారం అమ్మాయి మూడు నెలల్లోపు అక్కడ కంప్లైంట్ ఇవ్వొచ్చు, కమిటీ 90 రోజుల్లో విచారణ ముగించాలి. అంతవరకు మీవాడు ఆడకుండా ఉండటమే సరైనది, టీమ్ ఆపకపోతే తనే ఆగాలి.

కోచ్ విషయంలో మీవారి కోపం న్యాయమే, కారణం మాత్రం ఇంకొకటి కూడా ఉంది. పిల్లల్ని వాంతులయ్యేదాకా పరిగెత్తించడం తప్పు, అది ప్రిన్సిపాల్‌కి రాసి ఇవ్వండి. దానికంటే పెద్ద తప్పు, నేరం జరిగిందని తెలిసీ సాక్ష్యం డిలీట్ చేయించి గుట్టుగా ముగించడం. ఒళ్లు హూనమయ్యేలా పరిగెత్తించాను కదా, లెక్క సరిపోయింది అనుకున్నాడు ఆయన. ఆ లెక్కలో అమ్మాయి ఎక్కడుంది?

ప్రశ్న: మా అబ్బాయి ఫస్టియర్, కొత్తగా టీమ్‌లోకి తీసుకున్నారు. సీనియర్లు ఫ్రెషర్స్‌తో బూట్లు కడిగిస్తున్నారు, మ్యాచ్ గెలిస్తే బిర్యానీ డబ్బులు వీళ్లే పెట్టాలి, ఒక రాత్రి హాస్టల్లో బట్టలు విప్పించి డాన్స్ చేయించారు. అడిగితే ఇది టీమ్ ఆనవాయితీ, అందరం చేసినవాళ్లమే అంటున్నారట. మావాడు ఎవరికీ చెప్పొద్దంటున్నాడు, టీమ్‌లోంచి తీసేస్తారని భయం. (బొమ్మనహళ్లి నుంచి ఒక తండ్రి)

జవాబు: అన్నా, ఇది ఆనవాయితీ కాదు, ర్యాగింగ్. అడ్మిషన్ అప్పుడు మీరూ మీ అబ్బాయీ యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్ ఇచ్చే ఉంటారు, ఆ సీనియర్ల తల్లిదండ్రులూ ఇచ్చినవాళ్లే. 2009 యూజీసీ నిబంధనలు చదివితే అందులో మీరు చెప్పినవన్నీ ఉన్నాయి, జూనియర్లతో బలవంతంగా ఖర్చు పెట్టించడంతో సహా. శిక్షల జాబితాలో సస్పెన్షన్, హాస్టల్ నుంచి పంపేయడం, కాలేజీ నుంచే తీసేయడంతో పాటు, కాలేజీ తరఫున ఏ టోర్నమెంట్‌లోనూ ఆడకుండా నిషేధించడం కూడా రాసి ఉంది. అంటే ఆటగాళ్ల విషయంలో కాలేజీ కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు, రూల్ చేతిలోనే ఉంది. ఎవరు చేశారో తేలకపోతే అందరికీ కలిపి శిక్ష వేసే వీలు కూడా ఇచ్చారు, కాబట్టి చూస్తూ నవ్విన సీనియర్లు మేమేం చేయలేదని చేతులు దులుపుకోలేరు. ర్యాగింగ్ నేరం స్థాయిలో ఉంటే కాలేజీ పెద్ద సమాచారం అందిన 24 గంటల్లో పోలీసులకి కంప్లైంట్ ఇవ్వాలి.

హెల్ప్‌లైన్ నంబర్ 1800-180-5522, రాత్రీ పగలూ పనిచేస్తుంది. బాధితుడే చేయాలని లేదు, మీరు చేయొచ్చు. మీ అబ్బాయి భయం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసుకుని ధైర్యంగా ఉండరా అని సరిపెట్టొద్దు. కంప్లైంట్ ఇచ్చిన కుర్రాణ్ని ఆ సీజన్‌లో టీమ్ నుంచి తప్పిస్తే ఎందుకు తప్పించారో కాలేజీ రాతపూర్వకంగా చెప్పాలని మీ లెటర్‌లోనే అడగండి. ఆ బట్టలు విప్పించిన రాత్రి తర్వాత వాడు సరిగ్గా తింటున్నాడా, నిద్రపోతున్నాడా చూడండి. మాట్లాడటానికి మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి చేయండి, తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు.

ప్రశ్న: పక్క కాలేజీతో గొడవలో మా తమ్ముడి పేరు కూడా ఎఫ్ఐఆర్‌లో రాశారు. వాడు అక్కడ లేనే లేడు. కేసు తేలేదాకా ఆడనివ్వం అంటోంది కాలేజీ. కేసు తేలేసరికి వాడి డిగ్రీ అయిపోతుంది. ఇది న్యాయమా?

జవాబు: కోర్టులో తేలేదాకా అంటే న్యాయం కాదు. ఎఫ్ఐఆర్‌లో పేరు ఉండటం, తప్పు చేయడం ఒకటి కాదు. ఆరోపణ పెద్దదైతే కొన్నాళ్లు పక్కన ఉంచడం సరే, కానీ దానికి గడువు ఉండాలి, రెండు వారాలో మూడు వారాలో, ఆలోపు కాలేజీ తన విచారణ తను చేసుకోవాలి. ఆ రాత్రి మీ తమ్ముడు ఎక్కడున్నాడో చూపే ఆధారాలు ఉంటాయి కదా, బస్ టికెట్, ఫోన్‌పే పేమెంట్, పీజీ కెమెరా, అవన్నీ లెటర్‌తో పెట్టి ఇవ్వండి. సీసీటీవీ ఎక్కువ రోజులు ఉంచరు, అది ఈ రోజే అడగండి. ఆ కొన్నాళ్లూ క్లాసులు, ఫీజు మాఫీ, హాస్టల్ ఏవీ ఆపకూడదు, నోటీస్ బోర్డు మీద పేరు పెట్టకూడదు. తప్పు లేదని తేలాక మాత్రం నోటీస్ బోర్డు మీదే పెట్టాలి, అప్పుడు గుసగుసగా వచ్చి ప్రాక్టీస్‌కి రా అంటే సరిపోదు.

ప్రశ్న: మేడమ్, నేను తప్పు చేశాను, టూర్‌లో తోటి ప్లేయర్ తల పగలగొట్టాను. ఏడాది టీమ్ నుంచి తీసేశారు. ఇప్పుడు బెంగళూరులోనే ఇంకో కాలేజీ పిలుస్తోంది, పాత సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు అంటోంది. వెళ్లనా?

జవాబు: చెప్పక్కర్లేదు అనే కాలేజీకి వెళ్లకు. నీ గోల్స్ ఉన్నంతవరకే వాళ్లకి నువ్వు కావాలి, రేపు ఇంకో చిన్న గొడవ జరిగితే పాత కథ వాళ్లే బయటికి తీస్తారు. అమెరికాలో ఎస్ఈసీ అనే పెద్ద కాలేజీ లీగ్ 2015లో ఒక రూల్ పెట్టింది, లైంగిక దాడి, గృహహింస లాంటి తీవ్రమైన తప్పులకి ఒక కాలేజీ తీసేసినవాణ్ని లీగ్‌లో ఇంకో కాలేజీ చేర్చుకోకూడదని. మన యూనివర్సిటీలు కూడా కనీసం పాత కాలేజీ నుంచి లెటర్ తెమ్మని అడిగితే బాగుంటుంది, ఇప్పుడైతే రోడ్డు దాటి అవతలి గేటులోకి వెళ్తే అన్నీ మాఫీ.

నీ తప్పు ఆ తీవ్రతది కాదు, ఏడాది శిక్ష వేశారు, నువ్వు ఒప్పుకుంటున్నావు. పాత కాలేజీలోనే ఉండు. ఆ కుర్రాడితో ఎవరి ఒత్తిడీ లేకుండా మాట్లాడే అవకాశం అడుగు, తను వద్దంటే వదిలెయ్, మళ్లీ అడక్కు. తలకి పడిన కుట్ల ఖర్చు వాళ్ల నాన్న పెట్టుకుని ఉంటే అది తిరిగి ఇవ్వు, నెలకి కొంత చొప్పున అయినా సరే. ఈ ఏడాది ప్రాక్టీస్‌కి రానిస్తే ఒక్క రోజు మానకు, రానివ్వకపోతే ఫిట్‌నెస్ నువ్వే చూసుకో. వచ్చే సీజన్ సెలెక్షన్స్‌కి ఫస్టియర్ పిల్లలతో పాటు వెళ్లి పేరు రాయించుకో, పాత నంబర్ జెర్సీ అడగొద్దు.